నీకు డిపో యాడుందిరా?

14 లక్షలకి ఇవాళ రెండు రకాల కార్లు వస్తాయి. ఒకటి, సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు కూడా తీయని కొత్త కాంపాక్ట్ ఎస్‌యూవీ. రెండోది, ఏడేళ్ల కింద ఆన్‌రోడ్ 35 లక్షలు దాటిన జర్మన్ సెడాన్. తలుపు వేస్తే మెత్తగా, బరువుగా మూసుకునే రకం. మీరు 28 ఏళ్ల సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ అయితే, రాత్రి పన్నెండింటికి మీ ఫోన్లో ఏ కారు ఫొటోలు తెరిచి ఉంటాయో నేను చెప్పక్కర్లేదు.

నా ఫోన్లో మూడు నెలల పాటు అవే. ఆడీ ఏ3 సెడాన్ మన దేశానికి 2014లో వచ్చింది. మెర్సిడెస్ సీఎల్ఏ 2015లో, బీఎండబ్ల్యూ 2 సిరీస్ గ్రాన్ కూపే 2020లో, మెర్సిడెస్ ఏ క్లాస్ లిమోజిన్ 2021లో వచ్చాయి. పెద్ద బ్రాండ్ల ఇళ్లకి ఇవి చిన్న గుమ్మాలు. అందుకే వీటిని ఎంట్రీ లెవెల్ లగ్జరీ అంటారు. మొదటి ఓనర్ నాలుగైదేళ్లు తిరిగి ఇంకా పెద్ద బండికి వెళ్లిపోతాడు. ఆ గుమ్మం దగ్గర ఇక మనం నిలబడతాం.

నేను వెళ్లి చూసిన బండ్లు ఏ కంపెనీవో ఇక్కడ చెప్పను. బ్యాడ్జ్ ఏదైనా లెక్క దాదాపు ఇదే.

ధర తగ్గింది, కారు తగ్గలేదు

ఇంత ఖరీదైన కారు సగం కన్నా తక్కువకి ఎలా వస్తుంది? కంపెనీ వారంటీ అయిపోయి ఉంటుంది. కొనేవాళ్లు తక్కువ. కొత్త మోడల్ వచ్చేసి ఉంటుంది. వీటన్నిటివల్ల కారు విలువ పడిపోతుంది. కానీ దాని విడిభాగాలకి ఈ సంగతి తెలీదు! 14 లక్షలకి కొన్నాం కదా అని, హెడ్‌లైట్ పగిలితే 14 లక్షల కారు హెడ్‌లైట్ పెట్టరు. 35 లక్షల కారుదే పెడతారు, అది కూడా ఈ రోజు రేటుకి.

మియాపూర్ వైపు జర్మన్ కార్లు మాత్రమే చేసే ఒక గ్యారేజ్ ఉంది. కారు చూడకముందే ఆ మెకానిక్ దగ్గర కూర్చుని టీ తాగా. ఆయన నోటి లెక్కన నాలుగు టైర్లు మారిస్తే 50 వేల పైనే. ఎల్ఈడీ హెడ్‌లైట్ ఒక్కటే లక్ష దాటొచ్చు. ముందు సస్పెన్షన్ పని పడితే 60, 70 వేలు. డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్ అసలు గొడవ మొదలుపెడితే లక్ష నుంచి రెండు లక్షలు. "అన్నీ ఒకేసారి రావు తమ్ముడూ. కానీ ఎప్పుడొస్తాయో చెప్పి రావు" అన్నాడు.

ఇంటికొచ్చి షీట్ తెరిచా. కారు 14 లక్షలు. నా దగ్గర మొత్తం సేవింగ్స్ 7.2 లక్షలు. అందులో 6 లక్షలు డౌన్ పేమెంట్, మిగతా 8 లక్షలు లోన్. పాత కారు లోన్‌కి కొత్త కారు కన్నా వడ్డీ ఎక్కువ. నాకు చెప్పిన రేటు 13 శాతం. నాలుగేళ్లకి ఈఎమ్ఐ 21,460 చొప్పున, వడ్డీయే సుమారు 2.3 లక్షలు. ఇన్సూరెన్స్, ట్రాన్స్‌ఫర్ ఖర్చులకి ఇంకో 70 వేలు. చివరి గడిలో మిగిలింది 50 వేలు. మెకానిక్ చెప్పిన లిస్టులో అన్నిటికన్నా చిన్న ఐటమ్‌తో సరి!

ఆ 50 వేల గడికి ఎర్ర రంగు వేసి కూడా, నిజం చెప్పాలంటే, శనివారం కారు చూడ్డానికి వెళ్లా.

లాగ్స్ ఎవరు తుడిచారు?

మొదటి కారు కొంపల్లి దగ్గర. 2018 మోడల్ పెట్రోల్, 48 వేల కిలోమీటర్లు, అద్దంలా మెరుస్తోంది. నా జేబులో ఓబీడీ స్కానర్ ఉంది. వెయ్యి రూపాయల పైచిలుకు పెడితే వస్తుంది. స్టీరింగ్ కింద ఉండే పోర్ట్‌లో గుచ్చి, బ్లూటూత్‌తో ఫోన్‌కి కలిపితే ఇంజిన్ కంప్యూటర్ తన దగ్గరున్న ఎర్రర్ కోడ్స్ చెప్పేస్తుంది.

ఒక్క ఎర్రర్ కూడా లేదు. అమ్మే ఆయన నవ్వాడు. అయితే ఆ యాప్‌లో ఎవరూ చూడని ఇంకో లైన్ ఉంటుంది. ఎర్రర్లు తుడిచాక బండి ఎంత దూరం తిరిగిందో చెప్పే లైన్. ఆ కారులో అది 19 కిలోమీటర్లు. పక్కనే రెడీనెస్ మానిటర్స్ అని ఉంటాయి. సెన్సర్లు, పొగ గొట్టం వైపు భాగాలు సరిగా ఉన్నాయో లేదో బండి తనకి తాను చేసుకునే పరీక్షలవి. కోడ్స్ తుడిచేస్తే అవి మళ్లీ మొదటికొస్తాయి. ఇక్కడ సగం 'పూర్తి కాలేదు' అని చూపిస్తున్నాయి.

మా ఆఫీసులో సర్వర్ పడిపోయాక ఎవరైనా లాగ్స్ డిలీట్ చేసి 'అంతా బాగుంది' అంటే ఏమనుకుంటాం? నాకు అదే అనిపించింది. కాకపోతే బ్యాటరీ తీసి పెట్టినా ఇలా జరగొచ్చు. ఆయనా అదే చెప్పాడు, నిన్ననే బ్యాటరీ మార్చామని. కాబట్టి దీన్ని పట్టుకుని ఎవర్నీ దొంగ అనలేం. అడగాల్సింది ఒకటే. "సరే సార్, ఒక వారం మామూలుగా నడపండి, వచ్చే శనివారం మళ్లీ చూస్తా" అన్నా.

"రేపు వేరే పార్టీ వస్తున్నారు. కావాలంటే ఇప్పుడే టోకెన్ ఇవ్వండి" అన్నాడు.

స్కానర్ తీసి జేబులో పెట్టుకున్నా.

ఆ తర్వాత కాగితాలు అడక్కుండా ఏ బండి దగ్గరకీ వెళ్లలేదు. ఎంపరివాహన్‌లో నంబర్ కొడితే ఎన్నో ఓనరో, లోన్ ఇంకా ఉందో, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉందో తెలుస్తుంది. లోన్ ఉంటే బ్యాంక్ ఎన్‌ఓసీ, ఫారం 35 కావాలి. పేరు మారడానికి ఫారం 29, 30. ఇన్సూరెన్స్ కాగితంలో ఎన్‌సీబీ శాతం చూడండి. క్లెయిమ్ లేని ఏడాది తర్వాత 20 శాతంతో మొదలై, వరసగా ఐదేళ్లు క్లెయిమ్ లేకపోతే 50కి చేరుతుంది. ఆరేళ్ల బండికి అక్కడ సున్నా ఉంటే 'పోయినేడాది ఏం జరిగింది సార్?' అని అడగాల్సిందే. ఆ బోనస్ ఓనర్‌ది, కారుది కాదు. మన పేరు మీదికి రాదు.

ఢిల్లీ రిజిస్ట్రేషన్ బండి రెండు లక్షలు తక్కువకే అన్నారు ఒకచోట. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ బండ్లు తిరక్కూడదని 2015లో ఎన్జీటీ చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు కూడా అదే మాట అంది. అక్కడి బండ్లు ఇటువైపు చవగ్గా రావడానికి అదొక కారణం. అయితే 12 నెలలకి మించి ఇక్కడ ఉంచితే నంబర్ మార్చుకోవాలి, ఇక్కడి లైఫ్ ట్యాక్స్ కట్టాలి. తగ్గిన రెండు లక్షల్లో ఎంత మిగులుతుందో లెక్కేసుకోవాలి.

వరద సంగతి కూడా మర్చిపోకూడదు. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ మునిగాయి. సెల్లార్లలో ఉన్న కార్లు కూడా మునిగాయి. సీట్ బెల్ట్‌ని చివరిదాకా లాగి చూడండి. సీటుకి షాంపూ పెట్టినవాళ్లు బెల్ట్ చివరి మూరెడు కడగడం మర్చిపోతారు. స్టెప్నీ తీసి కింద బురద గీత, తుప్పు ఉన్నాయేమో చూడండి.

నాన్న చూసిన బండి

రెండో కారు నల్లగండ్లలో, ఒక డాక్టర్‌గారిది. సింగిల్ ఓనర్, 52 వేల కిలోమీటర్లు, ప్రతి సర్వీస్ బిల్లూ ఫైల్లో ఉంది. అడిగింది 14 లక్షలు. ఆ ఆదివారం నాన్న సూర్యాపేట నుంచి వచ్చి ఉన్నాడు. ఆర్టీసీ డ్రైవర్‌గా రిటైరయ్యాడు. ముప్పై ఏళ్లు బస్సు నడిపాడు గానీ ఇంటికంటూ ఒక కారు కొనలేదు. 'నువ్వూ రా నాన్నా' అన్నా.

నేను ఫోన్ తీసేలోపు నాన్న బానెట్ మీద చెయ్యి పెట్టాడు. చల్లగా ఉంది. "మంచిదే. వేడిగుంటే మనకంటే ముందే స్టార్ట్ చేసి పెట్టిన్రన్నట్టు" అన్నాడు. చల్లటి ఇంజిన్ మొదటిసారి లేచినప్పుడే దాని అసలు గొంతు వినిపిస్తుందట. తర్వాత ముందు టైరు దగ్గర గొంతుక్కూర్చుని అరచెయ్యి అటూ ఇటూ రుద్దాడు. "లోపలి అంచు తిన్నది. అలైన్‌మెంట్ చూపియ్యాలె. బుష్షులు గిట్ట పోయినయేమో కూడ చూడమను." నేను టైరు మీది నాలుగంకెల తేదీ చదువుతున్నా. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. నాలుగు టైర్లూ ఒకే ఏడాదివే.

స్కానర్‌లో ఈసారి వేల కిలోమీటర్ల చరిత్ర అలాగే ఉంది. మానిటర్లన్నీ పూర్తి. డ్రైవ్‌కి వెళ్లినప్పుడు నేను రోడ్డెక్కి లాగిద్దామనుకున్నా. నాన్న మాత్రం సెల్లార్ ర్యాంప్ మధ్యలో ఆపమన్నాడు. ఆపి, మెల్లగా కదిలించమన్నాడు. మళ్లీ రివర్స్‌లో. "స్పీడ్‌ల ఏ బండైనా మంచిగనే పోతది. మెల్లగ పోయేటప్పుడే తెలుస్తది." డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్‌కి నిజంగానే అదే పరీక్ష. ఆగుతూ కదులుతూ పోయే ట్రాఫిక్‌లోనే క్లచ్ వేడెక్కుతుంది, అరుగుతుంది. గచ్చిబౌలి సాయంత్రం అంటే అదే కదా. కారు ఒక్క కుదుపు లేకుండా పైకెక్కింది.

బయటికొచ్చి టీ కొట్టు దగ్గర నిలబడ్డాం. నాలో ఆనందం దాచుకోలేకపోతున్నా. "ఎట్లుంది నాన్నా?"

"బండి మంచిగుంది."

కాసేపాగి అడిగాడు. "ముప్పై ఏండ్లు బస్సు తోలిన. నడి రోడ్డు మీద ఎన్నిసార్లు ఆగిపోయిందో లెక్కలేదు. ఒక్కనాడు భయపడలే. డిపోకు ఫోన్ కొడితే మెకానిక్ వస్తడు, ఇంకో బస్సు వస్తది, నా జేబుల నుంచి రూపాయి పోదు. నీ బండి ఆగితే నీకు డిపో యాడుందిరా?"

నేను ఏం చెప్పలేదు. ఎర్ర రంగు గడి నాన్నకి చూపించలేదు. ఆయనకి దాని గురించి తెలీదు కూడా.

50 వేల మీద నడిచే కారు

ఆ రాత్రి షీట్‌లో కారుకి సంబంధం లేని వరసలు కొన్ని కలిపా. నాన్నకి వచ్చే పీఎఫ్ పెన్షన్ ఇద్దరి మందులకే సరిపోతుంది. అమ్మకి ఒక కంట్లో శుక్లం ముదురుతోందని డాక్టర్ చెప్పి రెండు నెలలైంది. మా పక్క టీమ్‌లో ఏడుగురిని ఒక మంగళవారం మీటింగ్ రూమ్‌కి పిలిచి పంపించేశారు. వాళ్లలో ఇద్దరు నాతో పాటు చేరినవాళ్లే.

మా ఇంటికి డిపో నేనే. నా 7.2 లక్షలే ఆ డిపోలో ఉన్న స్పేర్ బస్సు. దాన్ని అమ్మి కారు కొంటే, కారు బాగున్నన్నాళ్లూ ఏమీ కాదు. కానీ గేర్‌బాక్స్, ఉద్యోగం, అమ్మ కన్ను ఒకదాన్నొకటి అడిగి రావు.

మూడు నెలలుగా నేను బండ్లని పరీక్షించా. ఆ రోజు పరీక్ష నా ఖాతాకి జరిగింది. డాక్టర్‌గారి కారు పాసైంది. నా ఖాతా పాస్ కాలేదు.

పొద్దున్నే ఆయనకి ఫోన్ చేసి, 'బండి చాలా బాగుంది సార్, నేనే ఇప్పుడు తీసుకోలేను' అని చెప్పా. మరుసటి వారంలోనే అది అమ్ముడుపోయింది. నాకు రెండ్రోజులు అన్నం సరిగా సయించలేదన్నది కూడా నిజం.

తర్వాత ఒక పని చేశా. వేరే బ్యాంకులో ఖాతా తెరిచి, యాప్‌లో దానికి 'డిపో' అని పేరు పెట్టా. కారు కొన్నట్టే ప్రతి నెలా ఒకటో తేదీన 30 వేలు అందులోకి వెళ్లిపోతాయి. ఈఎమ్ఐకి 21,500, ఇన్సూరెన్స్, సర్వీసు, టైర్లకి మిగతాది. ఏడాది పాటు ఈ కారు లేని ఈఎమ్ఐ నొప్పి లేకుండా కట్టగలిగితే, కారున్న ఈఎమ్ఐ కూడా కట్టగలను. ఆరు నెలల ఇంటి ఖర్చు విడిగా ఉండి, డిపోలో 3 లక్షలు చేరితేనే టోకెన్ అన్నది నాకు నేను పెట్టుకున్న రూల్.

మూడో నెలలో అమ్మ కంటి ఆపరేషన్‌కి 62 వేలు ఆ ఖాతా నుంచే వెళ్లాయి. ఎవరినీ అడగలేదు, క్రెడిట్ కార్డ్ తీయలేదు. నాన్నకి చెబితే "డిపో పనిచేస్తోంది" అన్నాడు.

ఇప్పుడు ఆరో నెల. డిపోలో లక్షా 18 వేలున్నాయి. వచ్చే ఆదివారం ప్రగతినగర్‌లో ఇంకో సెడాన్ చూడ్డానికి వెళ్తున్నాం. కొనడానికి కాదని అమ్మే ఆయనకి ముందే చెప్పా, అయినా రమ్మన్నాడు. నాన్న శనివారం రాత్రి బస్సుకే వస్తానన్నాడు, పొద్దున బానెట్ చల్లగా ఉండగానే అక్కడికి చేరాలట.