గుడ్ క్వాలిటీ

మొన్న ఆదివారం సూరత్‌లోని మా లింబాయత్ వీధిలో పక్కింటి పిల్ల ఫోను పట్టుకుని మా ఇంటికొచ్చింది. బీకాం అయిపోయింది. రింగ్ రోడ్డు మీద ఒక బట్టల మార్కెట్లో, ఒక దుకాణంలో లెక్కలు రాసే ఉద్యోగం, మంగళవారం ఇంటర్వ్యూ. "కాకా, జర ఇను" అని కళ్లు మూసుకుని మొదలుపెట్టింది. ఐ యామ్ హార్డ్‌వర్కింగ్, ఐ యామ్ పంక్చువల్, మై స్ట్రెంత్ ఈజ్ టీమ్ వర్క్... ఎక్కడా ఊపిరి తీసుకోలేదు. మధ్యలో కూరగాయల బండివాడు కేక వేసేసరికి తాడు తెగింది. మళ్లీ మొదటి ఐ యామ్ దగ్గరికి పోయింది. చిన్నప్పుడు మేం ఎక్కాలు ఇలాగే చెప్పేవాళ్లం. పదమూడో ఎక్కంలో ఎక్కడ తప్పినా మళ్లీ పదమూడు ఒకట్ల నుంచే.

(కాకా అంటే గుజరాతీలోనూ బాబాయే. మామ అక్కడా మామే. ఇంత దూరం వచ్చిన మాకు ఈ రెండు పిలుపులూ తర్జుమా ఖర్చు మిగిల్చాయి.)

నాకు నవ్వు రాలేదు. 2003లో నేనూ అచ్చం ఇలాగే కళ్లు మూసుకుని అప్పజెప్పినవాణ్ణే.

మా బాపు సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చింది నేను పుట్టకముందు. అక్కడ సాంచె (మరమగ్గం) నడిపిన చేతులకు ఇక్కడా సాంచెలే దొరికాయి. మరమగ్గాల షెడ్డును ఇక్కడ ఖాతా అంటారు. బ్యాంకులో ఉండేదీ ఖాతాయే గానీ, బాపుకు చాలాకాలం మొదటి రకం ఒక్కటే ఉండేది. ఆయనకు పని ఎట్ల దొరికిందని ఒకసారి అడిగాను.

"ఏమడిగిండ్రు బాపూ?"

"ఏమడుగుతరు? పోగు తెంపిండ్రు."

సేఠ్ తరఫు మనిషి నడుస్తున్న సాంచెను ఆపి, పడుగులో ఒక పోగు తెంపి, చేతులు కట్టుకుని పక్కకు జరిగాడట. పాలిస్టర్ పోగు నూలులా మాట వినదు, జారుతుంది. మామూలు ముడి వేస్తే పన్నె (పడుగు పోగులు దూరే దువ్వెన) దాకా పోకముందే విప్పుకుంటుంది. బాపు రెండు కొసలనూ బొటనవేలి కింద నొక్కిపట్టి, ఒకదాన్ని మెలిపెట్టి ఉచ్చులోంచి లాగి, మిగిలిన తోకను పంటితో కొరికి ఉమ్మేశాడు. ముడి పన్నె పళ్ల మధ్య నుంచి ఎక్కడా తట్టుకోకుండా జారిపోయింది. సాంచె నడిచింది. ఆ మనిషి ముడి వంక చూశాడు గానీ బాపు ముఖం వంక చూడలేదట. "రేపు పొద్దుగాల ఏడింటికి రా" అన్నాడు. ఆఫర్ లెటర్ అంతే.

నా సంగతి వేరు. సూరత్ నగరపాలక సంస్థ బడులు ఏడు భాషల్లో నడుస్తాయి: గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, తెలుగు, ఇంగ్లీషు. పొట్టకూటికి ఏయే రాష్ట్రాల నుంచి జనం వచ్చారో ఆ పట్టీ చూస్తే తెలిసిపోతుంది. నేను ఏడో తరగతి దాకా తెలుగు బడి, తర్వాత హిందీ, కాలేజీలో ఇంగ్లీషు, వీధిలో గుజరాతీ. నాలుగు భాషలు వచ్చినవాడికి నాలుగింతల ధైర్యం ఉండాలి. నాకేమో నాలుగు రకాల బెరుకు ఉండేది. తెలుగులో సిగ్గుపడి, హిందీలో ఆలోచించి, ఇంగ్లీషులో అబద్ధమాడేవాణ్ణి.

ఆ అబద్ధమూ సొంతం కాదు. ఫుట్‌పాత్ మీద కొన్న ఇంటర్వ్యూ గైడు లోనిది. తండ్రి వృత్తి అడిగితే హుందాగా చెప్పాలని ఉంది అందులో. ఒక దారం కంపెనీ ఆఫీసులో బల్లకు అటువైపు ఇద్దరు కూర్చున్నారు. మీ నాన్నగారేం చేస్తారని అడిగారు. మై ఫాదర్ ఈజ్ ఇన్ టెక్స్‌టైల్ బిజినెస్ అన్నాను. పెద్దాయన కుర్చీలో కొంచెం ముందుకు జరిగాడు, సాటి వ్యాపారి కొడుకు దొరికాడనుకుని కాబోలు.

"అచ్ఛా! కౌన్సీ క్వాలిటీ?"

"గుడ్ క్వాలిటీ సార్."

సూరత్ సంగతి తెలియనివారికి ఇది తప్పుగా వినిపించదు. ఈ ఊళ్లో క్వాలిటీ అంటే మంచీ చెడూ కాదు, బట్ట రకం. జార్జెట్ ఒక క్వాలిటీ, షిఫాన్ ఒకటి, వెయిట్‌లెస్ ఒకటి. చాయ్ బండి దగ్గర నిలబడ్డవాడు కూడా ఏ క్వాలిటీ నడుస్తోందని అడిగితే రకం పేరే చెబుతాడు. బాపు సాంచెల మీద ఏ క్వాలిటీ ఎక్కిందో, అది మారితే మీటరు కూలి ఎన్ని పైసలు మారుతుందో మా ఇంట్లో రోజూ రాత్రి అన్నం దగ్గర నడిచే ముచ్చట. ఆ వారం వెయిట్‌లెస్ ఎక్కింది. పొద్దున ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు కూడా విన్నాను. గైడు తెరిచేసరికి ఇల్లు మరిచిపోయాను.

రెండోవాడు దగ్గాడు. పెద్దాయన మాత్రం నవ్వలేదు. చాయ్ తాగి వెళ్లమన్నాడు. ఆ చాయ్ ఇంకా నా గొంతు దిగలేదు.

ఇంటికొచ్చి బాపుకు చెప్పలేదు. చెప్పడానికి ఆరేళ్లు పట్టింది. ఆయన బీడీ ఆర్పి, "వెయిట్‌లెస్ అంటె అయిపోవు గదరా" అన్నాడు. నేను ఆయన్ను వ్యాపారిని చేసి చెప్పిన సంగతి ఆయనకు పట్టనే లేదు. తెలిసిన జవాబు చెప్పలేదే అన్నదే బాధ.

ఆ తర్వాత ఎప్పుడో చదివాను. 1998లో ఫ్రాంక్ ష్మిట్, జాన్ హంటర్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు, మనిషిని పనిలోకి ఎంచుకునే పద్ధతుల మీద 85 ఏళ్లుగా జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూశారట. పని చేయించి చూసే పరీక్ష పై వరుసలో నిలిచింది. నోటికొచ్చింది అడిగే ఇంటర్వ్యూ దానికి బాగా కింద. ఇదీ బాపుకు చెప్పాను. "పోగు తెంపనీకి ఎంత సేపు? ఎనబై ఐదేండ్లెందుకు వట్టె?" అన్నాడు.

అయితే నా దగ్గరికి వచ్చిన పిల్లకు ఈ కథలన్నీ చెబితే కడుపు నిండదు. మంగళవారం దగ్గరికొస్తోంది. ఫోను బోర్లా పెట్టించి, కళ్లు తెరిచి నాతో మాట్లాడమన్నాను. మొదట గొంతు. మా వీధిలో పుట్టినవాళ్లందరిదీ పెద్ద గొంతే. సాంచెల మోత 90 డెసిబెల్స్ దాటుతుంది. రోజుకు పన్నెండు గంటలు అందులో నిలబడి వచ్చిన మనిషితో ఉప్పు కావాలన్నా కేకేసి అడగాలి. అక్కడ మాత్రం గొంతు తగ్గించమన్నాను. బట్టల సంగతి ఒక్క ముక్కలో తేల్చాం. ఆ మార్కెట్లో నీ చున్నీని ముట్టుకోకుండానే క్వాలిటీ, మీటరు ధర రెండూ చెప్పేస్తారు, కాబట్టి కొత్తది కొనకు, ఉన్నదే ఇస్త్రీ చేసుకో. ఇక దారి. మార్కెట్ రైలు పట్టాలకు అటు, మేం ఇటు. వానపడితే పట్టాల కింద పోయే దారిలో, అదే గర్నాలాలో, నడుము లోతు నీళ్లు నిలుస్తాయి. ఇంటర్వ్యూ పదిన్నరకైతే, ఓవర్‌బ్రిడ్జి మీదుగా పోయే దారి సోమవారమే ఒకసారి పోయి చూసి రమ్మన్నాను. పంక్చువల్ అని నోటితో చెప్పుకునే పని తప్పుతుంది.

"తెల్వనిది అడిగితే కాకా?"

తెల్వదను. 1921లో ఎడిసన్ తన దగ్గర పనికొచ్చేవాళ్లకు ప్రశ్నల చిట్టా ఒకటి ఇచ్చేవాడు. ఆ ఏడాదే బోస్టన్‌లో పత్రికలవాళ్లు అందులోంచి ఒకటి, ధ్వని వేగం ఎంతని, ఐన్‌స్టీన్‌ను అడిగారు. పుస్తకాల్లో దొరికేవి తలలో మోసుకు తిరగనన్నాడాయన. నువ్వు ఐన్‌స్టీన్‌వి కాదు కాబట్టి తెల్వదన్నాక, నేర్చుకోవడానికి ఎన్ని రోజులు పడుతుందో కూడా చెప్పు అన్నాను.

తర్వాత అసలు ప్రశ్న అడిగాను. లెక్కల పని నీకు వచ్చని వాళ్లెట్ల నమ్మాలె? బీకాం మార్కులు చెప్పింది. ట్యాలీ కోర్సు చెప్పింది. ఇంకా? ఇంకేం లేదంది.

అప్పుడు గడపలోంచి వాళ్లమ్మ నవ్వింది. ఒళ్లో చీరలు, చేతిలో చిన్న కత్తెర. మార్కెట్ నుంచి చీరల మూటలు తెచ్చుకుని, ఎంబ్రాయిడరీ వెనక వేలాడే దారాలు కత్తిరించి ఇవ్వడం మా వీధి ఆడవాళ్ల పని. చీరకింత అని కూలి. "మరి నా కాపీ ఎవలు రాస్తున్నరే?" అంది.

కాపీ అంటే నోట్‌బుక్. పిల్ల తొమ్మిదో తరగతి నుంచి రాస్తోందట. తెప్పించి చూశాను. తేదీ, తెచ్చిన చీరలు, ఇచ్చినవి, మరకపడి తిప్పి పంపినవి, రావలసిన కూలి, వచ్చిన కూలి. ఆరు గడులు, స్కేలుతో గీసినవి. ఒక దీపావళి ముందు మూటల హడావుడిలో వ్యాపారి లెక్కలో 40 చీరలు తక్కువ పడ్డాయి. ఈ పిల్ల కాపీ పట్టుకుని దుకాణానికి పోయి, తేదీ తేదీకి చూపించి డబ్బు రాబట్టుకొచ్చింది. అప్పుడు పదకొండో తరగతి. ఆ పేజీ అంచున పెన్సిలుతో చిన్న టిక్కు, పక్కన పసుపు మరక.

"ఇది చెప్పాల్నా కాకా? ఇది ఇంట్ల పని గదా?"

చెప్పమన్నాను. హిందీలో చెప్పింది. మొదటిసారి వ్యాపారి మీద కోపం ఎక్కువైంది, లెక్క తక్కువైంది. రెండోసారి 40 అంకె ముందే వచ్చింది. మూడోసారి బండివాడు మళ్లీ కేక వేశాడు. ఆగి, వాడు పోయేదాకా చూసి, ఆగినచోటి నుంచే అందుకుంది.

ఫోను తీసుకుని లేవబోతూ మళ్లీ కూర్చుంది. "జీతం ఎంత అడగాల్నంటరు?"

ఇక్కడ నేను తడబడ్డాను. బాపుకు మీటరు లెక్క, అడిగేది లేదు, ఇచ్చింది తీసుకోవడమే. నేను చేసిన మూడు ఉద్యోగాల్లోనూ వాళ్లు అంకె చెబితే తల ఊపినవాణ్ణే. మీ ఇష్టం సార్ అనే మాట నాలుగు భాషల్లోనూ తడుముకోకుండా వస్తుంది నాకు. అక్కడ పనిచేసే వాళ్లెవరినైనా కనుక్కోవాలె అని నసిగాను.

"కనుక్కున్న తమ్మీ" అంది వాళ్లమ్మ, కత్తెర ఆపకుండా. "మూట ఇయ్యబోయినప్పుడు ఆ దుకాణంల చాయ్ ఇచ్చే ముసలామెను అడిగిన. ఇదివరకు చేసిన పిల్లకు పదమూడు ఇచ్చిండ్రట. పద్దెనిమిది చెప్పు బిడ్డా, పదిహేనుకు దిగుతరు."