‘ఒద్దు’ నేర్పిన చదువు

ప్రత్యేక విద్యలో ఎం.ఎడ్. చేరిన నెలలో నేను కొన్న మొదటి పరికరం జపం కౌంటర్. ఉంగరంలా వేలికి తొడుక్కుని బొటనవేలితో నొక్కితే ఒక్కో అంకె పెరుగుతుంది. గుళ్ల ముందు కొబ్బరికాయల దుకాణాల్లో దొరుకుతుంది. మా గైడ్ మేడం తరగతి మొత్తాన్నీ కొనుక్కురమ్మన్నారు. “వారం రోజులు ఒక్క పిల్లాడినే చూడండి. ఒక్క ప్రవర్తననే లెక్కపెట్టండి. ఎందుకు చేస్తున్నాడో ఇప్పుడే చెప్పొద్దు. దానికి ముందు ఏం జరిగింది, వెనక ఏం జరిగింది, అంతే రాసుకురండి” అన్నారు.

అప్పటికి నాకు ఎనిమిదేళ్ల అనుభవం. ప్రత్యేక విద్యలో బి.ఎడ్. చేసి, రిజిస్ట్రేషన్ నంబరు తెచ్చుకుని, వరంగల్ వైపు ఒక ప్రత్యేక పాఠశాలలో పనిచేసి వచ్చాను. పిల్లాడిని చూస్తే చాలు, కారణం చెప్పగలనన్న ధీమా ఉండేది. నాకు ఇచ్చిన బాబు చెంపలు వాయించుకునేవాడు. “నలుగురూ తనవైపు చూడాలని చేస్తున్నాడు” అని మొదటిరోజే మనసులో అనుకున్నాను. వారం తిరిగాక కాగితం వేరే మాట చెప్పింది. పక్కన ఎవరూ లేనప్పుడు వాడు దాదాపు కొట్టుకోలేదు. నలుగురూ చుట్టూ కూర్చుని కబుర్లు చెబుతున్నప్పుడూ కొట్టుకోలేదు. ముందు బల్లమీద పూసలు గుచ్చే పని పెట్టిన ప్రతిసారీ కొట్టుకున్నాడు. పని తీసేయగానే ఆగాడు.

ఆ కాగితం చేతిలో పట్టుకుని నేను మనసులో వెనక్కి, వరంగల్ బడికి వెళ్లిపోయాను. అక్కడ తొమ్మిదేళ్ల బాబు ఒకడు ఉండేవాడు. పలక చేతికిస్తే మణికట్టు కొరుక్కునేవాడు. నేను పలక లాగేసుకుని, “పో, వేపచెట్టు కింద కూర్చో” అనేదాన్ని. అది శిక్ష అనుకున్నాను. వాడికి అది సెలవు. కొరుక్కుంటే పలక పోతుందని వాడికి నేర్పింది నేనే, అదీ రోజుకు నాలుగైదుసార్లు, రెండేళ్లపాటు. నేను ఆ బడి వదిలి వచ్చేనాటికి వాడి మణికట్టు మీద చర్మం కాయకట్టి ఉంది. ఆ కాయలో నా వాటా ఉంది. ఈ చదువు గురించి ఎవరు అడిగినా నేను ముందు ఈ సంగతే చెబుతాను. నేను దుర్మార్గంతో చేయలేదు, బద్ధకంతో చేయలేదు. లెక్క రాసుకోకపోవడం వల్ల చేశాను.

మేం చదివింది సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో. 1984లో జాతీయ మానసిక వికలాంగుల సంస్థగా మొదలైన ప్రాంగణం అది. తర్వాత పేరు మారింది, ‘మానసిక వికలాంగులు’ అనే మాట పోయి ‘మేధో వైకల్యం’ వచ్చింది. భారతీయ పిల్లల కోసం రీటా పెషావరియా, ఎస్. వెంకటేశన్ తయారుచేసిన ప్రవర్తనా మదింపు స్కేలు 1992లో అక్కడే పుట్టింది. దాని మొదటి భాగంలో బిడ్డ ఏమేం చేయగలడో చూసే 280 అంశాలు ఉంటాయి. రెండో భాగంలో సమస్యాత్మక ప్రవర్తనలు 75. ఈ వరుస నాకు చాలా నచ్చింది. బిడ్డకు ఏం వచ్చో ముందు, ఏం ఇబ్బందో తర్వాత. మన ఇళ్లలో, బళ్లలో ఈ వరుస తిరగబడి ఉంటుంది.

మేం నేర్చుకున్న ఈ లెక్కల పద్ధతికి అనువర్తిత ప్రవర్తన విశ్లేషణ అని పేరు, వినడానికి బరువుగా ఉంటుంది. దానిలో ‘అనువర్తిత’ అన్న మాటకు అర్థం నాకు 1968 నాటి ఒక వ్యాసం చదివాక తెలిసింది. డోనాల్డ్ బేర్, మాంట్రోస్ వుల్ఫ్, టాడ్ రిజ్లీ కలిసి రాశారు. ఎంచుకునే ప్రవర్తన ఆ మనిషికీ సమాజానికీ అక్కరకు వచ్చేది కావాలి, కొలవగలిగేది కావాలి అన్నది అందులో సారం. 1982లో బ్రయాన్ ఇవాటా, ఆయన సహచరులు తమను తాము గాయపరచుకునే పిల్లల్ని వేర్వేరు పరిస్థితుల్లో ఉంచి చూశారు. పని చెప్పినప్పుడు, ఒంటరిగా వదిలినప్పుడు, గాయపరచుకోగానే పలకరించినప్పుడు, హాయిగా ఆడుకోనిచ్చినప్పుడు. పైకి ఒకేలా కనిపించే దెబ్బకు ఒక్కో పిల్లాడిలో ఒక్కో కారణం తేలింది. 1985లో ఎడ్వర్డ్ కార్, మార్క్ డ్యూరండ్ ఇంకో అడుగు వేశారు. బిడ్డ కొరికి, కొట్టి సాధించుకునేది మాటతో సాధించుకోవడం నేర్పితే కొరకడం తగ్గుతుందని చూపించారు. నా మిగతా పనంతా ఈ ఒక్క ముక్క చుట్టూనే తిరిగింది.

దూరపు ఊళ్ల కుటుంబాలు వచ్చి కొన్నాళ్లు ఉండి శిక్షణ తీసుకునే కాటేజీలు ఆ ప్రాంగణంలో ఉన్నాయి. రెండో ఏడాది అక్కడికి సిద్దిపేట వైపు నుంచి ఒక తల్లి, ఆమె అత్తగారు, ఆరేళ్ల పాపతో వచ్చారు. పాపకు ఆటిజం. ఇక్కడ లక్ష్మి అని పిలుస్తాను, అది అసలు పేరు కాదు. నగరంలో ఒక థెరపీ సెంటర్ వాళ్లు ఏడాదిపాటు “ఇంట్లో ఇంగ్లిష్ మాత్రమే మాట్లాడండి, రెండు భాషలైతే పిల్ల తికమకపడుతుంది” అని చెప్పారట. తల్లి పదో తరగతి. వచ్చిన నాలుగు ముక్కలతో నెట్టుకొచ్చింది. నానమ్మ మాత్రం మనవరాలితో మాట్లాడటమే మానేసింది. “నాకు ఇంగిలీసు రాదు గద మేడం, నేను మాట్లాడితే పిల్ల కరాబైతదేమోనని నోరు మూసుకున్న” అంది. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం ఉన్న పిల్లలకు మాట వెనకబడుతుందనడానికి ఆధారం లేదు. ఆ మాట నేను ఆమెకు చెప్పినప్పుడు ఆమె కళ్లొత్తుకుంది. ఏడాదిపాటు ఆ ఇంట్లో పిల్ల చెవిన పడాల్సిన వేల మాటలు పడకుండా పోయాయి.

పాపకు ‘వాటర్’ వచ్చు. కానీ ఇంట్లో బిందె దగ్గర ఉండే మనిషి నానమ్మ. పాప ‘వాటర్’ అంటే ఆమెకు అర్థమయ్యేది కాదు, అర్థం కాకపోతే అరుపు, అరుపుతో పాటు జుట్టు పట్టి లాగడం. ప్రవర్తనా శాస్త్రవేత్త స్కిన్నర్ 1957లో భాష గురించి రాసిన పుస్తకంలో, అడిగి సాధించుకునే మాటను ఒక విడి తరగతిగా చెప్పాడు. ఆ మాటకు ప్రతిఫలం ఆ అడిగిన వస్తువే. ఇచ్చే మనిషికి అర్థం కాని మాట అడిగే మాట ఎలా అవుతుంది? అందుకని నానమ్మను కూర్చోబెట్టుకుని, వాళ్లింటి మాటల పట్టిక రాశాం. నీళ్లు, బువ్వ, ఎత్తుకో, ఊపు, ఇయ్యి. ‘కావాలి’ని కావాలనే వదిలేశాను. ఆ ఒక్క మాటే నేర్పితే పిల్లలు దేనికైనా దాన్నే వాడతారు. ‘కావాలి, కావాలి’ అని ఏడుస్తారు, ఏం కావాలో మనకు తెలియదు.

పట్టికలో మొదట నేర్పాల్సిన మాటగా నేను ‘ఒద్దు’ అని రాశాను. నానమ్మ ఒప్పుకోలేదు.

“ఆడివిల్లకు పెద్దోళ్లకు ఎదురుచెప్పుడు నేర్పుతున్నరా బిడ్డా?”

ఆ ప్రశ్న అడగాల్సిందే. నేను ఆమెకు రెండు మాటలు చెప్పాను. జుట్టు పట్టి లాగడం కూడా ‘ఒద్దు’ అనడమే నానమ్మా, కాకపోతే అందులో నొప్పి ఉంది అన్నది ఒకటి. రెండోది చెప్పడం కష్టమైంది. రేపు ఈ పిల్ల పెద్దదవుతుంది, ఎవరైనా చెడ్డగా చేయి వేస్తే తోసేసి ‘ఒద్దు’ అనాలా, మనం నేర్పినట్టు బుద్ధిగా ఊరుకోవాలా అని అడిగాను. ఆమె చాలాసేపు కోడలి వైపు చూసింది. తర్వాత “నేర్పు” అంది. 2012 నాటి పోక్సో చట్టం, బిడ్డ వైకల్యాన్ని ఆసరా చేసుకుని చేసే నేరానికి ఎక్కువ శిక్ష పెట్టింది. చట్టం దాకా పోవాలన్నా ముందు బిడ్డ కాదనగలగాలి.

నేర్పడం ఇలా జరిగింది. పాపకు ఇష్టంలేని బెండకాయ కూర ముద్ద తల్లి చేతిలో ఉంటుంది. ముద్ద కొంచెం దగ్గరికి రాగానే, నేను పాప వెనక కూర్చుని ఆమె అరచేయి పట్టి మెల్లగా ముందుకు తోయించి “ఒద్దు” అంటాను. తల్లి వెంటనే ముద్ద తీసేస్తుంది. ఆలస్యం ఒక్క క్షణం కూడా ఉండకూడదు. రోజుకు కొన్నిసార్లు, అదీ ఆటలా. తర్వాత నా చేయి సాయం మోచేతి దాకా తగ్గింది, తర్వాత భుజం మీద వేలు, తర్వాత అదీ లేదు. ఎదురుగా ఉన్నవాళ్లే చేతులు పట్టి చేయిస్తే బిడ్డ వాళ్ల ముఖం చూసి ఆగిపోతుంది, అందుకే వెనక మనిషి వేరు, ముందు మనిషి వేరు.

అదే సమయంలో, జుట్టు లాగినందుకు మాత్రం కూర తీసేయడం మానేశాం. అప్పుడు మూడో రోజున జుట్టు లాగడం ఒక్కసారిగా పెరిగింది. తల్లి భయపడిపోయింది. “ఊళ్లో బోరింగు కొడుతుంటే నీళ్లు రాకపోతే ఏం చేస్తావమ్మా?” అన్నాను. “ఇంకా జోరుగ కొడత మేడం.” “ఎప్పుడు ఆపుతావు?” “ఇగ రావని తెలిస్తే.” అంతే సంగతి. కాకపోతే పక్కనే నీళ్లొచ్చే ఇంకో బోరింగు చూపించకుండా ఇది మూసేయడం క్రూరత్వం. ‘పట్టించుకోకండి, అదే పోతుంది’ అని చెప్పి పంపే వాళ్లు ఈ రెండో బోరింగు సంగతి చెప్పరు. మొదటిరోజు నా కౌంటర్‌లో 38 ఉన్న అంకె మూడో రోజు 52కు వెళ్లి, పదకొండో రోజుకు 7కు దిగింది. వెళ్లే ముందురోజు పాప అన్నం తింటూ నానమ్మ చేతిని పక్కకు తోసి “ఒద్దు” అంది. నానమ్మ ఆ సంగతి కాటేజీలో అందరికీ చెప్పి వచ్చింది.

తల్లిదండ్రులతో నాకు ఎక్కువ వాదం వచ్చే మాట ‘రీఇన్‌ఫోర్స్‌మెంట్’. మన పాఠ్యపుస్తకాల్లో పునర్బలనం అంటారు. తండ్రులు దాన్ని లంచం అంటారు. ఏడుపు ఆపడానికి ముందుగా చాక్లెట్ చేతిలో పెడితే అది లంచమే, నేనూ ఒప్పుకుంటాను. పని అయ్యాక బిడ్డకు నచ్చింది దొరికితే, ఆ పని మళ్లీ చేయాలనిపిస్తే, అది పునర్బలనం. తేడా వరుసలోనే ఉంది. నెలాఖరు జీతం లేకుండా మనం మాత్రం ఎన్నాళ్లు పనికి వెళ్తాం?

ఎం.ఎడ్. అయ్యాక ఒక విదేశీ విశ్వవిద్యాలయం ఆన్‌లైన్‌లో చెప్పే ప్రవర్తన విశ్లేషణ కోర్సులో చేరాను. తెల్లవారుజామున నాలుగింటికి తరగతి. కూపర్, హెరాన్, హీవార్డ్ రాసిన లావుపాటి పుస్తకం, పక్కన నిఘంటువు. కోర్సు పూర్తయింది. ప్రవర్తన విశ్లేషకులకు ఇచ్చే అమెరికా సర్టిఫికెట్ పరీక్షకు అర్హత రావాలంటే అప్పట్లో పర్యవేక్షకుల కింద 1500 గంటల పని చూపించాల్సి ఉండేది. కరోనాతో కేంద్రాలు మూతపడ్డాయి. ఈలోగా ఆ సర్టిఫికెట్‌ను 2023 జనవరి 1 నుంచి కొద్ది దేశాలకే పరిమితం చేశారు. మన దేశం అందులో లేదు. గడువునాటికి నాకు నాలుగు వందల గంటలు తక్కువ పడ్డాయి. చాలా బాధపడ్డాను. చదివిన చదువు మాత్రం పోలేదు.

ఆ చదువులోనే ఈ పద్ధతి చీకటి కోణమూ తెలిసింది. ఈ రంగంలో అందరూ చెప్పే, మనస్తత్వవేత్త లోవాస్ చేసిన 1987 నాటి అధ్యయనంలో, వారానికి 40 గంటల శిక్షణ పొందిన 19 మంది పిల్లల్లో 9 మంది మామూలు బడి పిల్లల స్థాయికి వచ్చారని రాశారు. హైదరాబాద్‌లో తల్లిదండ్రులకు చెప్పే ‘వారానికి 40 గంటలు’ అక్కడిదే. కానీ ఆ పిల్లల్ని గట్టిగా గద్దించారు, తొడమీద కొట్టారు కూడా. అంతకు ముందు 1960ల్లో ఆయన విద్యుత్ షాకులు వాడాడు. ఇవాళ పెద్దవాళ్లయిన ఆటిజం ఉన్నవాళ్లు ‘మా చేతులు ఊపుకోనివ్వలేదు, బలవంతంగా కళ్లలోకి చూడమన్నారు’ అని రాస్తున్నారు. వాళ్ల మాట విన్నాక నేను ‘నా వైపు చూడు’ అనే పాఠం పూర్తిగా మానేశాను. చేతులు ఊపుకోవడం ఎవరికీ నొప్పి కలిగించదు. దాన్ని ఆపడం నా పని కాదు.

ఇంకొక 40 గంటలు ఉన్నాయి. వాటి గురించే నాకు దిగులు. ప్రవర్తనా సహాయకులకు అమెరికాలో కనీసం 40 గంటల శిక్షణ ఉంటుంది. తర్వాత పరీక్ష, ఆ తర్వాత కూడా నెల నెలా పైవారి పర్యవేక్షణ తప్పనిసరి. మన కాలనీల్లో ఆ 40 గంటల వీడియోలు చూసినవాళ్లు పర్యవేక్షణ లేకుండా, తలుపు మూసి, గంటకు ఇంత అని తీసుకుని పిల్లల్ని కూర్చోబెడుతున్నారు. 1992 నాటి పునరావాస మండలి చట్టం ప్రకారం నమోదు లేకుండా ప్రత్యేక ఉపాధ్యాయ వృత్తి చేస్తే ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఈ సంగతి తెలిసిన తల్లిదండ్రులు నాకు చాలా అరుదుగా కనిపించారు.

మీ బిడ్డను ఎవరి దగ్గరికైనా తీసుకెళ్తే మొహమాటపడకండి. రిజిస్ట్రేషన్ నంబరు చూపించమనండి. తలుపు తీసి ఉంచమనండి, మీరు లోపల కూర్చుంటామనండి. రోజూ రాసుకునే లెక్క కాగితం అడగండి. కాగితం లేదంటే అక్కడి నుంచి వచ్చేయండి. మీ ఇంట్లో మాట్లాడే భాషలోనే నేర్పమనండి. చివరగా, నా బిడ్డకు ‘ఒద్దు’ అనడం ఎప్పుడు నేర్పుతారు అని అడగండి.