పాటల పుస్తకాల పెట్టె

మా ఇంట్లో కొత్తగా కొన్న సామాన్లు తక్కువ. మంచం ఒకరిది, బీరువా ఒకరిది, గోడ గడియారం ఇంకొకరిది. చుట్టాలెవరైనా వచ్చి "ఇదెక్కడిది?" అని అడిగితే చాలు, ఒక్కోదానికీ ఒక కథ చెప్తాం. చెప్పడం మాకు సరదా. ఈసారి ఒక పెట్టె సంగతి.

తెలియనివాళ్ళకి ముందు ఊరి గురించి రెండు మాటలు. ఆర్యపల్లి గంజాం జిల్లాలో, ఛత్రపురం పక్కన, సముద్రం ఒడ్డునే ఉంది. మాది వేటకెళ్ళే కుటుంబం. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, బళ్ళో ఒడియా. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రం అయ్యేదాకా ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. రాష్ట్రం మారినా మా వాళ్ళు తీరం వదిలి వెళ్ళలేదు.

మా మామ్మ తట్ట నెత్తిన పెట్టుకొని ఛత్రపురంలో చేపలమ్మేది. చేతిలో నాలుగు డబ్బులు ఆడితే బరంపురం బస్సెక్కేది. ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దూరం. మొదట పెద్ద బజార్లో పసుపు, సబ్బులు, గాజులు. తర్వాత పట్టు చీరల కొట్లు. బరంపురం పట్టుకి పెద్ద పేరు కదా, అంచు మీద గుడి గోపురాల్లాంటి కుంభాలు వరసగా ఉంటాయి. మామ్మ కొనేది కాదు. ఒక్కొక్క చీర విప్పించి, అంచు చేత్తో తడిమి, ధర అడిగి, "మళ్ళీ వొస్తాన్లే బాబూ" అని లేచిపోయేది. నాన్న పెళ్ళికి మాత్రం నిజంగానే వెళ్ళి ఒకటి కొంది. ఆ కొట్టాయన గుర్తుపట్టి "ఇన్నాళ్ళకి వచ్చావా అమ్మా" అన్నాడట.

చీరలు చూడ్డం అయ్యాక మ్యాట్నీ. అప్పట్లో బరంపురం హాళ్ళలో తెలుగు సినిమాలు బాగా ఆడేవి. 1963లో వచ్చిన 'లవకుశ' తెలుగులో మొదటి పూర్తి రంగుల సినిమా. అది మళ్ళీ వేసినప్పుడల్లా మామ్మ వెళ్ళింది. ఎన్నిసార్లు చూసిందో ఆమెకే లెక్క లేదు. బయటికొస్తూ ప్రతిసారీ గుమ్మం దగ్గర పాటల పుస్తకం కొనేది. పల్చటి కాగితం, అట్ట మీద హీరో హీరోయిన్ల బొమ్మ, లోపల సగం కథ, పాటలు. మిగతా కథ తెర మీద చూడండి అని ఊరించి వదిలేసేవాళ్ళు.

మామ్మకి అక్షరం ముక్క రాదు. తాతకి కోపం వచ్చేది. "వలకి దారం కొనాల డబ్బులు ఇలగ తగలేస్తావేటి? సదవడం రానిదానివి, పుస్తకం ఎందుకే నీకు?"

"నాకు రాదు. గుంటడికి వొస్తాది" అనేది మామ్మ.

ఆ గుంటడు మా నాన్న. బళ్ళో ఒడియా నేర్చుకున్నాడు. తెలుగు అక్షరాలు నేర్చుకున్నది ఈ పాటల పుస్తకాల్లోనే. పాట ముందే నోటికి వచ్చు కాబట్టి, వేలు పెట్టి ఒక్కో అక్షరం కింద జరుపుకుంటూ ఏది ఏదో పోల్చుకున్నాడు. పాట పక్కన 'ప' అని, 'చ' అని ఉంటుంది చూడండి, పల్లవి, చరణం. మా నాన్న చాలా ఏళ్ళు ప అంటే పడవ, చ అంటే చందువ చేప అనుకున్నాడట. పాటకీ చేపకీ సంబంధమేమిటో తెలియక తనలో తనే ఆలోచించుకొనేవాడట.

ఇక పెట్టె. 1980ల్లో మా ఊరి పక్కన ఇసక నుంచి ఖనిజాలు తీసే ప్రభుత్వ ఫ్యాక్టరీ వచ్చింది, దానికో కాలనీ వచ్చింది. అక్కడి ఉద్యోగులకి బదిలీ అయితే సామాన్లన్నీ మోసుకుపోలేక చవగ్గా అమ్మేసేవారు. మా ఇంట్లో సగం సామాను అలా వచ్చిందే. చేపలమ్మడానికి వెళ్ళిన మామ్మ ఒక క్వార్టర్ వరండాలో ఇత్తడి గొళ్ళెం ఉన్న టేకు పెట్టె చూసింది. బేరం మూడు రోజులు సాగింది. చివరికి సగం డబ్బు, సగం ఎండు నెత్తళ్ళు. ఆ ఇంటామె నవ్వి ఒప్పుకుంది. తాత ఇంకోసారి అరిచాడు. పాటల పుస్తకాలన్నీ పెట్టెలోకి వెళ్ళాయి. పెట్టె అటక ఎక్కింది.

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గర తీరం దాటింది. అది మాకు దగ్గరే. ముందురోజే ఊరు ఖాళీ చేయించారు. రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, నాలుగు గుడ్డలు పట్టుకొని వెళ్ళాం. మామ్మ పెట్టె తీసుకురమ్మంది. "ప్రాణాలు ముందు" అని నాన్న కసిరాడు. ఆ రాత్రంతా గాలి హోరుకి ఎవరికీ నిద్ర లేదు. మామ్మ ఒక్క మాట మాట్లాడలేదు.

తిరిగొచ్చేసరికి ఇంటికి పైకప్పు లేదు. అటక కూలి పెట్టె కింద పడింది, లోపలికి నీళ్ళు వెళ్ళాయి. పెట్టెకి ఏమీ కాలేదు, మంచి కర్ర. పుస్తకాలే ముద్దయ్యాయి. నలభై పైన ఉండేవి, విడదీయగలిగినవి పదహారు. చేపలు ఎండబెట్టే చోటే వాటినీ రాళ్ళు పెట్టి ఎండేశాం. ఇప్పటికీ తెరిస్తే ఎండు చేపల వాసన వస్తుంది. నాన్న ఆ పదహారింటినీ తనే లెక్కపెట్టి పెట్టెలో పెట్టాడు. కసిరినందుకు మామ్మతో ఏమీ అనలేదు, కానీ ఆ తర్వాత ఆ పెట్టె మీద ఎవరినీ కూర్చోనివ్వలేదు.

మామ్మ పోయింది. కొత్త స్లాబు ఇల్లు కట్టినప్పుడు పెట్టె మీద ఇంట్లో గొడవైంది. పాత సామాన్లవాడికి ఇచ్చేద్దామని సగం మంది. చదివేవాళ్ళు ఎవరున్నారిప్పుడు? అది నిజమే. మా పిల్లలకి ఒడియా వచ్చు, ఇంగ్లీషు వచ్చు. తెలుగు మాట్లాడతారు, ఫోన్లో తెలుగు సినిమాలు మా కంటే ఎక్కువ చూస్తారు. చదవడం మాత్రం నాన్నతో ఆగిపోయింది. మాలో కొందరం కూడా కూడబలుక్కొనేవాళ్ళమే. ఉంచుదాం అన్నవాళ్ళ దగ్గర దీనికి జవాబు లేదు. నాన్న "దీని ధర నెత్తళ్ళతో కట్టాం, తిరిగి నెత్తళ్ళే ఇస్తే అమ్ముదాం" అన్నాడు. అందరూ నవ్వారు, గొడవ అక్కడికి ఆగింది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. పడవలు ఒడ్డున, మగాళ్ళు ఇంట్లో. పోయిన వేసవిలో ఊసుపోక పెట్టె తెరిచాం. ఎనిమిదో తరగతి చదివే మా పిల్ల ఒక పుస్తకం తీసి, అట్ట మీద బొమ్మ చూసి నవ్వింది. తర్వాత "తాతా, ఈ అక్షరం మా ఒడియా 'గ' లాగే ఉంది కదా?" అంది. ఒడియా అక్షరాలకి పైన గొడుగు, మనవాటికి తలకట్టు. నాన్న పక్కన కూర్చోబెట్టుకొని రెండింటినీ పక్కపక్కన రాసి చూపించాడు. ఆమెకి తెలిసిన పాటనే ఎంచుకున్నాడు, తను నేర్చుకున్న పద్ధతే.

నిషేధం అయ్యేసరికి మూడు పాటలు చదివింది. తర్వాత బడి తెరిచారు, పరీక్షలొచ్చాయి, ఆగిపోయింది. పూర్తిగా వచ్చేసిందని చెప్పలేం. అయితే మొన్న బరంపురం వెళ్ళినప్పుడు ఒక కొట్టు మీద పాత తెలుగు బోర్డు కనిపించింది. అందరం నడిచిపోతుంటే ఆమె ఆగి, పెదాలు కదుపుతూ చదివి, "పట్టు చీరలు" అంది. నాన్న మమ్మల్నందర్నీ ఆ కొట్లోకి తీసుకెళ్ళాడు. ఏమీ కొనలేదు. నాలుగు చీరలు విప్పించి, అంచు తడిమి చూసి, మళ్ళీ వస్తామని చెప్పి వచ్చేశాం.

మీ ఇళ్ళల్లో అటక మీద ఇలాంటి పాటల పుస్తకాలుంటే పాత సామాన్లవాడికి ఇచ్చేముందు ఒక్కసారి పిల్లల ముందు తెరవండి. వచ్చే ఏప్రిల్‌లో మేం నాలుగో పాట మొదలుపెడతాం.