ఒకరి పాట ఇంకొకరి గొంతులో

2003లో వచ్చిన ‘ఫ్రీకీ ఫ్రైడే’ని హాస్య చిత్రంగానే అందరూ చూస్తారు. నాకు మాత్రం అది పాట గురించి తీసిన సినిమా. తల్లి టెస్ సైకాలజిస్టు, రెండో పెళ్లి ముంగిట్లో ఉంది. కూతురు ఆనా రాక్ బ్యాండులో గిటారు వాయిస్తుంది. ఇద్దరికీ క్షణం పడదు. చైనీస్ రెస్టారెంట్లో ఇచ్చిన ఫార్చ్యూన్ కుకీల మహిమతో, తెల్లారేసరికి తల్లి కూతురి ఒంట్లో, కూతురు తల్లి ఒంట్లో లేస్తారు. పరకాయ ప్రవేశం కథలు విని పెరిగిన మనకు ఇదేమీ కొత్త కాదు. శంకరాచార్యులు అమరుక మహారాజు దేహంలో ప్రవేశించింది కూడా, తను బతకని బతుకొకటి తెలుసుకోవడానికే కదా.

జేమీ లీ కర్టిస్ నలభై దాటిన వయసులో భుజాలు వేలాడేసి, పెదవి విరిచి, పదిహేనేళ్ల పిల్లలా నడుస్తుంటే నవ్వాపుకోలేం. అయితే ఆ సినిమా ప్రాణమంతా ఆడిషన్ సీన్లో ఉంది. పెళ్లి విందు జరుగుతున్న రాత్రే బ్యాండుకి ఆడిషన్ పడింది. కూతురి ఒంట్లో ఉన్న తల్లి గిటారు తగిలించుకుని స్టేజీ ఎక్కింది. ఆమెకు గిటారు రాదు. సోలో వంతు రాగానే, తల్లి ఒంట్లో ఉన్న కూతురు తెర వెనక ఇంకో గిటారు అందుకుంది. ముందున్న చేతులు ఊరికే కదులుతున్నాయి, స్వరం వెనకనుంచి వస్తోంది. ఎదురుగా ఉన్న జనానికి కనిపించేది ఒక్క మనిషే. కూతురి జీవితంలో పాట ఎంత పెద్దదో తల్లికి తెలిసేది అక్కడే. మేరీ రాడ్జర్స్ 1972 నవల ఆధారంగా 1976లో మొదటిసారి తీసినప్పుడు జోడీ ఫోస్టర్, బార్బరా హారిస్ బాగా చేశారు గానీ, చివర్లో కార్ల ఛేజింగూ నీళ్లమీద స్కీయింగూ కథని మింగేశాయి. ఆ చోట పాటని పెట్టడమే 2003 సినిమా చేసిన గొప్ప పని.

ఆ సీను చూసినప్పుడల్లా నాకు జోయీ, రోరీ ఫీక్ దంపతులు గుర్తొస్తారు. జోయీ ఇండియానా రాష్ట్రం నుంచి పాడటానికి నాష్‌విల్ వచ్చింది. రోరీ కాన్సస్‌లో పుట్టి, మెరీన్ దళంలో పనిచేసి, పాటల రచయితగా అక్కడే స్థిరపడ్డాడు. బ్లేక్ షెల్టన్ పాడిన ‘సమ్ బీచ్’ వంటి హిట్టులో అతని చెయ్యి ఉంది. 2002లో పెళ్లి చేసుకున్నారు. 2008లో ‘కెన్ యు డ్యుయెట్’ అనే టీవీ పోటీ వచ్చింది. అది జంటలకే. అంతవరకు వెనకుండి రాసిన రోరీ, ఓవరాల్స్ వేసుకుని, గిటారు పట్టుకుని భార్య పక్కన నిలబడ్డాడు. మూడో స్థానం వచ్చింది. ఆ ఏడాదే ‘ది లైఫ్ ఆఫ్ ఎ సాంగ్’ ఆల్బం విడుదలైంది.

కంట్రీ సంగీతం పాప్ వైపు జరిగిపోతున్న రోజుల్లో వీళ్లు ఫిడేలు, అకూస్టిక్ గిటారు, పొలం, వంటిల్లు, చర్చి పట్టుకుని కూర్చున్నారు. ప్రధాన గొంతు ఎక్కువగా ఆమెదే. అతను కాస్త కిందుగా హార్మొనీ కలుపుతాడు. అదెంత కష్టమో వినేవాళ్లకు తట్టదు. ఆమె ఊపిరి ఎక్కడ తీసుకుంటుందో అక్కడే ఇతనూ తీసుకోవాలి. ఆమె అక్షరాన్ని ఎంత సాగదీస్తే అంతే సాగదీయాలి, ఆమె ఆపినచోట ఆపాలి. పాట సాగినంతసేపు తన ఊపిరిని ఇంకొకరి చేతిలో పెట్టడమే అది. ఇక భర్త రాసిన మాట భార్య నోట వచ్చినప్పుడు, ఆ మనసు ఎవరిదో విడదీయలేం. సినిమాలో కుకీలు చేసిన పని ఇక్కడ ఏళ్ల సాధన చేసింది. అందుకే నాకిదే ఎక్కువ అద్భుతం.

2014లో జోయీకి క్యాన్సర్ అని తేలింది. తగ్గినట్టే తగ్గి మరుసటి ఏడాది తిరగబెట్టింది. చిన్నప్పటినుంచి తెలిసిన భక్తిగీతాలతో ఒక ఆల్బం చెయ్యాలని ఆమె కోరిక. చికిత్సల మధ్య హోటల్ గదుల్లో కూడా గొంతు రికార్డు చేశారు. ‘హిమ్స్ దట్ ఆర్ ఇంపార్టెంట్ టు అస్’ 2016 ఫిబ్రవరిలో వచ్చింది. మార్చి 4న, నలభయ్యో ఏట, ఆమె వెళ్లిపోయింది. మరుసటి ఏడాది ఆ ఆల్బంకి గ్రామీ వచ్చింది.

ఆ పాటల్లో జాలిపడవలసిన గొంతు ఎక్కడా వినిపించదు. నిటారుగా, తేటగా పాడింది. ఆ భాష, ఆ మతం మనవి కాకపోయినా ఒక్కసారి వినండి. మొదట ఆమె గొంతు వినండి, రెండోసారి అతని గొంతు మాత్రమే వెతికి వినండి.