పెద్దనాన్న మిషన్ రంపం

2016 డిసెంబరు 12న వర్దా తుపాను మద్రాసు మీద పడ్డప్పుడు విల్లివాక్కంలో మా వీధికి అడ్డంగా పెద్ద తురాయి చెట్టు కూలింది. ఊళ్ళో వేలకొద్దీ చెట్లు పడ్డాయి, కార్పొరేషన్ వాళ్ళు మాత్రం ఎన్ని చోట్లకని వస్తారు? మర్నాడు పొద్దున్నే పెద్దనాన్న లుంగీ ఎగ్గట్టి, తన మిషన్ రంపం పట్టుకెళ్ళి, మధ్యాహ్నానికల్లా దారి చేసేశాడు. అప్పట్నుంచి వీధిలో తమిళ పిల్లలకి కూడా ఆయన రంపం తాతే.

2023 డిసెంబరులో మిచౌంగ్ వానలకి పక్కింటి మీద వేపకొమ్మ విరిగి పడింది. అందరూ మళ్ళీ మా గుమ్మం దగ్గరికే వచ్చారు. తాడు లాగీ లాగీ భుజాలు పడిపోయాయే గాని రంపం పలకలేదు. ఆయన దాన్ని గోనెసంచిలో చుట్టి మెట్లకింద పెట్టేశాడు. తర్వాత పాత ఇనుముకి వేసేద్దామని ఇంట్లో మాటొచ్చినా ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడమే మాకు కష్టంగా అనిపించింది.

మా వాళ్ళు మద్రాసు వచ్చిందే కట్టె వెంట. నెల్లూరు జిల్లా సముద్రం వైపు తోపుల్లో కొట్టిన సరుగుడు ఒకప్పుడు బకింగ్‌హాం కాలువలో పడవలెక్కి ఇక్కడికి దిగేది. దాంతోనే అడితి పెట్టుకున్నారు. ఇళ్ళల్లోకి గ్యాస్ వచ్చాక అడితి పోయింది, ఈ రంపం మిగిలింది.

పోయిన సంక్రాంతి సెలవుల్లో దాన్ని విప్పాం. ఎయిర్ ఫిల్టర్ తీసి, రెండు నట్లు ఊడదీస్తే కార్బురేటరు చేతిలోకొచ్చింది, అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది, అంతే. బైకు కార్బురేటర్లో ఉన్నట్టు ఇందులో ఫ్లోటు ఉండదు. రంపాన్ని పక్కకి తిప్పినా, తలకిందులు చేసినా పెట్రోలు అందాలి కాబట్టి ఆ పని పల్చటి డయాఫ్రం చేస్తుంది. మెత్తగా ఊగాల్సిన ఆ పొర అప్పడంలా బిర్రబిగిసిపోయింది. ఏళ్ళ తరబడి పెట్రోలు లోపలే వదిలేసిన ఫలితం. ఇప్పటి పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ కూడా ఉంటోంది, పాత రబ్బరుకి అది పడదు.

కిట్టు బ్రాడ్‌వేలో దొరికింది, అదే, మన ప్రకాశం పంతులుగారి పేరు పెట్టిన ప్రకాశం సాలైలో. డయాఫ్రాలు, సూది, గాస్కెట్లు మార్చి, చిన్న జల్లెడ కడిగి పెట్టాం. జెట్లలో తీగ మాత్రం దూర్చలేదు, బెజ్జం పెద్దదైతే ఇక అంతే.

స్క్రూలు ఎంత తిప్పాలో పెద్దనాన్న పాత నోటుబుక్కులో ఉంది. కన్నడ మీడియంలో చదివినవాళ్ళం కదా, తెలుగు అక్షరాలు చుట్టాల్లాగే కనిపిస్తాయి గాని ‘క’ దగ్గర, ‘శ’ దగ్గర ఇప్పటికీ తడబడతాం. కూడబలుక్కుని చదివాం: ఎల్ ఒక చుట్టు, హెచ్ ఒక చుట్టు, లీటరుకి నూనె 40 మి.లీ.

నాలుగో లాగుడికి స్టార్టయింది! కానీ పక్కకి వంచితే దానంతటదే గొంతు పెంచుతోంది. ఎల్ స్క్రూ ఎంత తిప్పినా అంతే. మేం చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, ఒకసారి ఒకటే మార్చి చూడాలని రోజూ జూనియర్లకి చెప్పేవాళ్ళం. అయినా ఆ ఉత్సాహంలో మూడు స్క్రూలూ కలగాపులగం చేసేశాం.

పెద్దనాన్నకి ఇప్పుడు సరిగా వినపడదు. వచ్చి వెనక పిడి మీద చెయ్యి వేసి, క్షణం ఆగి, ఆపెయ్యమన్నాడు.

“గాలి పీలుస్తా ఉంది రా అబ్బయా. ఇట్టనే కోస్తే పిస్టను పట్టేస్తుంది.”

పెట్రోలు గొట్టం మొదట్లో వెంట్రుకంత పగులు. అందులోంచి గాలి పోతే పెట్రోలు పాలు తగ్గుతుంది, దాంతో పాటు పోవాల్సిన నూనే తగ్గుతుంది. గొట్టం మార్చాక మళ్ళీ మొదట్నుంచి మొదలెట్టాం. ఇంజను వేడెక్కాక ముందు ఎల్, తర్వాత చైను కదలకుండా ఐడిలు, చివర్న హెచ్. పూర్తి త్రాటిల్లో కొంచెం బరబరమనాలి, కట్టెలో దిగగానే ఆ బరబర పోయి గొంతు శుభ్రపడాలి. ఆ తేడా ఆయనకి వినపడదు, మాకు తెలీదు. మేం విన్నది నోటితో అనుకరించి చూపిస్తుంటే ఆయన మా పెదాలు చూసి, “ఇంకా రవ్వంత బయటికి తిప్పు” అనేవాడు. ఎదురింటావిడ కిటికీలోంచి ఈ నాటకమంతా చూస్తూనే ఉంది.

చివరికి మామిడి దుంగలో పెట్టి కోసినప్పుడు పొట్టు లావుగా, దండిగా రాలింది. ఆయన కిందకి వంగి గుప్పెడు తీసి వాసన చూశాడు. తర్వాత టాంకీలో పెట్రోలంతా పారబోయించి, ఇంజను ఆగిపోయేదాకా నడిపించాడు.

కొత్త కొలతలు నోటుబుక్కులో ఆయన రాత కిందే మేం రాశాం. కళ్ళజోడు పెట్టుకుని చూసి, “ఇదేం క రా, తల లేదు తోక లేదు” అన్నాడు.