రాజ్యం లేని భాష

మాది కోయ ఇల్లు. ఇంట్లో కోయ, బడిలో తెలుగు, ఉద్యోగం కోసం ఇంగ్లీషు. మన భాషల మీద ఎక్కడ సభ జరిగినా ఎవరో ఒకరు అడుగుతారు: "వెనక రాజ్యం లేదు, చదివితే కొలువు రాదు, ఇంకెన్నాళ్లు బతుకుతుంది?" ఆ ప్రశ్న నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. రాజ్యం లేకుండా బతికిన భాషలు ఇంకెక్కడైనా ఉన్నాయా అని వెతికితే యిడ్డిష్ కనిపించింది.

యిడ్డిష్ తూర్పు యూరప్ యూదుల ఇంటి భాష. జర్మన్ నుంచి పుట్టింది, హీబ్రూ మాటలనూ చుట్టుపక్కల స్లావ్ భాషల మాటలనూ కలుపుకుంది, హీబ్రూ అక్షరాల్లో రాస్తారు. చదువుకున్న యూదులే దాన్ని 'జార్గన్' అని చులకన చేసేవారు. ప్రార్థనకు హీబ్రూ, పై చదువుకు రష్యన్, వంటింటికీ సంతకూ యిడ్డిష్. మనకు తెలియని కథేం కాదు.

1890ల్లో విల్నా నగరంలో, అంటే ఇప్పటి లిథువేనియా రాజధానిలో, సోషలిస్టు యువకులు కార్మికులకు రహస్యంగా చదువు చెప్పేవారు. ఆ చదువు రష్యన్‌లో. కొద్దిమంది నేర్చుకున్నారు, మిగతా కార్మికులు బయటే ఉండిపోయారు. తోళ్ల పనివాళ్లకూ బ్రష్షులు చేసేవాళ్లకూ అర్థమయ్యే భాషలో మాట్లాడకపోతే సంఘం నిలవదని అప్పుడు తెలిసింది. యిడ్డిష్ సరిగా రాని నాయకులు కూడా దాన్ని నేర్చుకున్నారు. 1897లో అదే ఊళ్లో 'బుంద్' అనే యూదు కార్మిక సంఘం పుట్టింది.

ఇందులో నన్ను ఆపిన సంగతి ఒకటుంది. వాళ్లు యిడ్డిష్‌ను పట్టుకున్నది భాషాభిమానంతో కాదు. పనిగంటలు తగ్గించమనడానికి, కూలి పెంచమనడానికి అది కావలసి వచ్చింది. గౌరవం తర్వాత వచ్చింది. 1908లో చెర్నోవిట్స్ మహాసభ యిడ్డిష్‌ను యూదుల జాతీయ భాషల్లో ఒకటిగా ప్రకటించింది. 1921లో పోలండ్‌లో యిడ్డిష్ బడుల సంస్థ, 1925లో విల్నాలో యివో పరిశోధన సంస్థ, 1926లో వార్సా దగ్గర క్షయ భయమున్న పిల్లల కోసం మెడెమ్ శానటోరియం వచ్చాయి. సొంత రాజ్యం లేని జనం తామే నిలబెట్టుకున్నవి ఇవి.

బుంద్ వాళ్ల మాట ఒకటి నాకు బాగా నచ్చింది: 'డోయికెయ్ట్'. మన మాటల్లో చెప్పాలంటే 'ఇక్కడితనం'. వేరే దేశం వెతుక్కుంటూ పోం, మేం బతుకుతున్న చోటే మా హక్కు, మా భాష, మా బడి కావాలి అని దాని భావం. పాలస్తీనాకు వెళ్లి సొంత దేశం కట్టుకుందామన్న వాళ్లతో బుంద్ ఈ విషయంలోనే విభేదించింది.

ఇక్కడే ఉంటామన్న వాళ్లను ఇక్కడే చంపేశారు కదా అని అడిగేవారున్నారు. నిజమే, ఆ ప్రశ్నను దాటెయ్యలేం. యుద్ధానికి ముందు కోటికి పైగా ఉన్న యిడ్డిష్ జనం మీద నాజీల కత్తి పడింది. చంపిన 60 లక్షల యూదుల్లో ఎక్కువమంది ఆ భాష వాళ్లే. సోవియట్ దేశంలో యిడ్డిష్ బడులు తెరిచిన ప్రభుత్వమే తర్వాత మూసేసింది. 1952 ఆగస్టు 12న మాస్కోలో 13 మందిని కాల్చి చంపింది. వారిలో పేరున్న యిడ్డిష్ కవులున్నారు. అయినా ఇక్కడితనం చావలేదు. 1943 వార్సా తిరుగుబాటులో పోరాడిన బుంద్ యువకుడు మారెక్ ఎడెల్‌మన్ పోలండ్ వదలలేదు. అక్కడే గుండె వైద్యుడై, 2009లో చనిపోయేదాకా ఉన్నాడు.

మరి ఇవాళ? 1980లో అమెరికాలో ఆరన్ లాన్స్‌కీ అనే విద్యార్థి, ముసలివాళ్ల ఇళ్ల అటకల మీద, చెత్తబుట్టల పాలవుతున్న యిడ్డిష్ పుస్తకాలను సేకరించడం మొదలుపెట్టాడు. లోకంలో 70 వేల పుస్తకాలు మిగిలి ఉంటాయని అప్పటి పండితుల అంచనా. ఆయన కట్టిన సంస్థకు పది లక్షలకు పైగా దొరికాయి. వాటిలో వేల పుస్తకాలు ఇప్పుడు ఫోనులో ఉచితంగా చదువుకోవచ్చు. 2021 నుంచి డ్యూయోలింగోలో యిడ్డిష్ పాఠాలున్నాయి. బుంద్ చరిత్ర వెతుక్కుంటూ ఆ భాష నేర్చుకునే యువత కూడా ఉంది.

ఇందులో ఒక చిక్కుంది. యిడ్డిష్‌ను ఇంట్లో పిల్లలతో రోజూ మాట్లాడేది ఎక్కువగా బ్రూక్లిన్, జెరూసలేం వంటి చోట్ల ఉండే హసిదీ మత సంప్రదాయ కుటుంబాలు. వాళ్లకు సోషలిజంతో పని లేదు. బుంద్ ఆశయాన్ని కోరుకునే యువతేమో ఆ భాషను పుస్తకంలో నేర్చుకోవాలి. భాష ఒక ఇంట్లో, ఆశయం మరో ఇంట్లో ఉండిపోయాయి. ఈ రెండూ ఒకసారి విడిపోతే కలపడానికి ఎంత కష్టపడాలో వాళ్లను చూస్తే తెలుస్తుంది.

మనకు ఇంకా అంత దూరం రాలేదు. మన రేలా పాటకు వేదికలు దొరుకుతున్నాయి, సంతోషమే. కానీ గ్రామసభలో పోడు పట్టా గురించి మాట్లాడాల్సి వస్తే మన నోటివెంట తెలుగే వస్తోంది. ఆసుపత్రిలో నొప్పి చెప్పుకోవాలన్నా తెలుగే. భాష పాటకే మిగిలితే అది పండగ బట్టలాంటిది, ఏడాదికి రెండుసార్లు కట్టి మళ్లీ పెట్టెలో పెడతాం.

అందుకే టీచర్లకూ యువతకూ ఒకటే అడుగుతున్నాను. ఈసారి గ్రామసభ తీర్మానాన్ని ముందు మన భాషలో చదివి వినిపించండి. అటవీ హక్కుల చట్టంలో ఏముందో ముసలమ్మకు అర్థమయ్యేలా మన మాటల్లో ఒక్క పేజీ రాయండి. లిపి గొడవ తర్వాత తేల్చుకుందాం, తెలుగు అక్షరాల్లోనైనా సరే. విల్నా యువకులు మొదలుపెట్టింది కూడా అలాంటి కాగితాలతోనే.