మెడ నలుపా, ఊదానా?

పిల్లలూ, నేను చాలా ఏళ్ళు బడిపంతులుగా, చివరకు హెడ్మాస్టరుగా పనిచేసి రిటైరయినవాణ్ణి. అన్నేళ్ళూ ఇతరుల తప్పులు దిద్దాను. నా తప్పు ఒకటి దిద్దుకోవటానికి మాత్రం అమెరికా ఎడారి దాకా పోవలసి వచ్చింది.

2024 ఫిబ్రవరిలో మా అమ్మాయిని చూడటానికి అరిజోనా రాష్ట్రంలోని టూసాన్ నగరానికి వెళ్ళాను. దాని చుట్టూ ఉన్నది సొనోరా ఎడారి. ఎడారి అంటే ఇసుకదిబ్బలే అనుకున్నాను. కాని అక్కడ స్తంభాల వంటి జెముడు చెట్లూ, ముళ్ళపొదలూ ఎన్నో ఉన్నాయి. మా అమ్మాయి పెరట్లో చూపరోసా అనే పొద ఉన్నది. అది మన అడ్డసరానికి చుట్టమే. చలికాలంలో కూడా గొట్టాల వంటి ఎర్రని పూలు పూస్తుంది.

ఒక ఉదయం ఆ పూల ముందు ఒక చిన్న పిట్ట, రెక్కలు ఝుమ్మని మోగుతూండగా, గాలిలోనే నిలబడి తేనె తాగుతున్నది.

"అదుగో, తేనెపిట్ట!" అన్నాను.

"కాదు తాతయ్యా, హమ్మింగు పిట్ట," అన్నది ఎనిమిదేళ్ళ మనవరాలు.

అది నిజమే. హమ్మింగు పిట్టలు అమెరికా ఖండాలలో తప్ప మరెక్కడా లేవు. మన తేనెపిట్ట వాటికి దగ్గరి బంధువు కాదు. అది సాధారణంగా కొమ్మమీద వాలి తేనె తాగుతుంది. హమ్మింగు పిట్ట వెనక్కి కూడా ఎగరగలదు.

ఇంతలో పిట్ట ఒక ఎండుపుల్ల మీద వాలింది. "దాని మెడ నలుపు," అన్నాను.

"ఊదారంగు తాతయ్యా!"

"కళ్ళు తెరిచి చూడు. నలుపు!" అన్నాను, బడిలో అన్నట్టే.

ఆ పిల్ల వాదించలేదు. నా చెయ్యి పట్టుకుని తాను నిలబడిన చోటికి తీసుకుపోయింది. పిట్ట తల ఇటు తిప్పింది. నల్లని మెడ చటుక్కున ఊదారంగుతో వెలిగింది! నెత్తి కూడా ఊదాయే. మెడమీది ఈకలు రెండు పక్కలకూ బారుమీసాలలాగా సాగి ఉన్నాయి.

ఆ మీసాలే గుర్తు. అది మగ కోస్టా హమ్మింగు పిట్ట. పొడుగు 8, 9 సెంటీమీటర్లు; బరువు సుమారు 3 గ్రాములు. అక్కడే ఉండే ఆనా హమ్మింగు పిట్ట కాస్త పెద్దది. మగదాని మెడా నెత్తీ గులాబీరంగు. ఆడపిట్టలను వేరుచేయటం మాత్రం అనుభవజ్ఞులకు కూడా కష్టమే.

కోస్టా పిట్ట ఈకలలో ఊదా వర్ణకమేదీ లేదు. వాటిలోని అతి సూక్ష్మమైన పొరలమీద వెలుతురు తగిన కోణంలో పడితే ఊదాకాంతి మన కంటికి చేరుతుంది. లేకపోతే నలుపే కనిపిస్తుంది. సబ్బుబుడగ మీది రంగులు కూడా ఇలాగే గదా మారతాయి!

ఇంత చిన్న ప్రాణి ఎడారిలో ఎలా బతుకుతుంది? పగలు దాని గుండె నిమిషానికి 500 నుంచి 900 సార్లు కొట్టుకుంటుంది. చలిరాత్రి అది మొద్దునిద్రలో పడితే, సుమారు 50 సార్లే కొట్టుకుంటుంది. అలా శక్తిని పొదుపు చేసుకుంటుంది. ఎండలు ముదిరేలోగా పిల్లలను పెంచుకుని, చాలా పిట్టలు ఎడారి విడిచి చల్లని చోట్లకు పోతాయి.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఎప్పుడో ఒక కుర్రవాడు వ్యాసంలో, "మగ తేనెపిట్ట ఊదారంగులో మెరుస్తుంది," అని రాశాడు. నేను ఎర్రసిరాతో కొట్టివేసి "నలుపు" అని రాశాను. "ఎండలో చూశాను మేష్టారూ," అన్నాడు. "ఎదురు చెప్పకు!" అని కూర్చోబెట్టాను. మన తేనెపిట్ట రంగు కూడా వెలుతురునుబట్టి మారేదే. వాడు ఎండలో నిలబడి చూశాడు. నేను వరండా నీడలో నుంచి చూశాను.

ఊరికి తిరిగి రాగానే వాడి ఇంటికి వెళ్ళి, తప్పు నాదేనని చెప్పాను. ఇప్పుడు వాడు ఇద్దరు పిల్లల తండ్రి. నవ్వి, "ఆ గూడు మా పెరటి దానిమ్మచెట్టు మీదే ఉండేది మేష్టారూ. రోజూ చూసేవాణ్ణి. మీరు చెప్పాక నా కళ్ళనే అనుమానించాను," అన్నాడు.

పిల్లలూ, మీకు కనిపించినది మరొకరికి కనిపించకపోతే, ఎక్కడ నిలబడి చూశారో ముందు అడగండి. మీరు కూడా ఒకసారి అక్కడ నిలబడి చూడండి.